గోధుమపిండి బ్రెడ్డుకు చిటికెడు మొలకరాగి: నా అనుభవం

నెల్లూరులో మా ఇంటి వంటగదిలోనే చిన్న ఓవెన్ పెట్టుకుని, తెలిసినవాళ్లు అడిగితే బ్రెడ్డు చేసి ఇస్తుంటాను. మైదాతో నాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. మైదా కలపకుండా, మర పట్టించిన గోధుమపిండితోనే చేయాలని పూనుకున్న రోజు నుంచి అసలు కష్టం మొదలయింది. మొదటి నెలలో చేసినవన్నీ ఇటుకల్లా వచ్చాయి. మర్నాడు ముక్క తుంచితే పొడిపొడిగా రాలిపోయేవి. ఈస్టు పెంచమన్నారని పెంచితే, రోహిణి కార్తె వేడికి పిండి గబగబా పొంగి, ఓవెన్‌లోకి వెళ్లేసరికి కుంగిపోయింది. ఇంకొకరు ఇంప్రూవర్ (బ్రెడ్డు బాగా పొంగడానికి పిండిలో కలిపే పొడి) వేయమన్నారు. ఒకప్పుడు అందుకు వాడిన పొటాషియం బ్రోమేట్‌ను మన దేశంలో 2016లో నిషేధించారు గనుక, డబ్బా మీద ఏముందో చదవనిదే ఏదీ వేయదలచుకోలేదు.

తప్పు నా పిసుకుడులో లేదని చదివాకే తెలిసింది. గోధుమ పొట్టులో ఉండే అరాబినోజైలాన్ అనే పీచు, గ్లూటెన్‌కు (పిండికి సాగే గుణాన్నిచ్చే మాంసకృత్తుకు) అందవలసిన నీటిని తాను పీల్చేసుకుంటుంది. పొట్టు నలుసులు గ్లూటెన్ పొరలకు తూట్లు పొడవడంతో గాలి బుడగలు నిలవవు. మర రాళ్ల ఒరిపిడికి పిండి రేణువులు చితికి ఉంటాయి గనుక మన గోధుమపిండి మరింత నీరు తాగుతుంది. అందుకని 500 గ్రాముల పిండికి 300 మిల్లీలీటర్ల నీళ్లకు బదులు 400 పోసి, ఈస్టు వేయకముందే గంటసేపు నాననిచ్చాను. ఆ గంటలో పిండిలోని సొంత ఎంజైములే (పిండిలోని పదార్థాలను విడగొట్టే మాంసకృత్తులు) పని మొదలుపెడతాయి. రెండు చెంచాల పెరుగు కలిపితే ఆ పులుపుకు ఫైటేజ్ అనే ఎంజైము చురుకెక్కి, ఇనుమును, జింకును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లాన్ని కొంత తగ్గిస్తుంది. బ్రెడ్డు కాస్త మెరుగయింది కానీ ఇంకా బరువుగానే ఉంది.

దారి చూపింది మా అమ్మ. "ఏమ్మే, పిల్లోడికి మొలకరాగి జావ కాచేటప్పుడు ఎంత పిండి పోసినా చిక్కబడదే, గుర్తులేదా?" అంది. ఆ జావను పలచబరిచేది అమైలేజ్ అనే ఎంజైమే. రాగి మొలకెత్తినప్పుడు అది పుష్కలంగా తయారవుతుంది. బ్రెడ్డు పిండిలో అదే అమైలేజ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ చక్కెరగా విడగొట్టి ఈస్టుకు మేత అందిస్తుంది.

వెంటనే కొట్లో రాగిమాల్ట్ పొట్లం కొని వేస్తే తేడా ఏమీ కనిపించలేదు. అది కమ్మదనం కోసం వేయించిన పిండి, వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది. ఈసారి రాగులు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో రెండు రోజులు కట్టి ఉంచి, నీడన ఆరబెట్టి, మొలకలు నలిపి చెరిగేసి, పిండి పట్టించాను. ఆత్రంలో మూడు చెంచాలు వేశాను. బ్రెడ్డు చూడటానికి ఎత్తుగా, ఎర్రగా, అందంగానే ఉంది. కోస్తే చాకుకు బంకలా అంటుకుంది, నడిమి ముక్క వేలితో నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది. ధాన్యపు అమైలేజ్ వేడికి త్వరగా చావదు, ఓవెన్‌లో పిండి ఉడికి మెత్తబడిన తర్వాత కూడా కొంతసేపు దాన్ని కోస్తూనే ఉంటుంది. అరకిలోకు 3 గ్రాములకు తగ్గించాక గాని ఆ బంక పోలేదు.

తర్వాత అమైలేజ్, జైలనేజ్ కలిపిన బేకరీ ఎంజైము పొడి తెప్పించాను. అందులోని అమైలేజ్ ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి తీసింది (బూజు అనగానే అమ్మ ముఖం చిట్లించింది), అది ధాన్యపు అమైలేజ్ కంటే తక్కువ వేడికే ఆగిపోతుంది. జైలనేజ్ అరాబినోజైలాన్‌ను తుంచి, అది పట్టుకున్న నీటిని పిండికి విడిచిపెడుతుంది. చిక్కల్లా కొలతతోనే వచ్చింది. ఆ పొడిని పది లక్షల పాళ్లలో 50 పాళ్లు వాడమన్నారు, అంటే అరకిలోకు 25 మిల్లీగ్రాములు. అంత సన్నటి తూకం ఇంట్లో ఎక్కడిది? 1 గ్రాము పొడిని 99 గ్రాముల పిండిలో బాగా కలిపి సీసాలో పెట్టుకున్నాను, అందులోంచి 2.5 గ్రాములు తీస్తే లెక్క సరిపోతుంది. ఈ పొడి పీల్చేవారికి ఉబ్బసం రావచ్చు గనుక ముక్కుకు గుడ్డ కట్టుకునే కలుపుతాను. ఒకసారి పొరపాటున రెండింతలు పడితే ముద్ద చేతికి అంటుకుని ఊడిరాలేదు.

ఇప్పుడు ఆర్డర్లకు ఆ సీసా, ఇంటికి మొలకరాగి వాడుతున్నాను. మైదా బ్రెడ్డంత ఎత్తు రాదు, వస్తుందని ఎవరికీ చెప్పను కూడా. మూడో రోజుకూ ముక్క రాలకుండా కోయగలుగుతున్నాను. మా ఆయనకు వేయించిన రాగి జావే ఇష్టం, రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి, అందుకని నా డబ్బా మీద "వేయించనిది" అని పెద్ద అక్షరాలతో చీటీ అంటించాను.