చెక్కల సందులోంచి

ఆదివారం. బట్టలు ఉతకడం, గ్యాస్ బుక్ చేయడం తప్ప చెప్పుకోదగ్గ పనేం చేయలేదు. మిగతా టైమంతా సోఫాలో పడుకుని అమెరికన్ ఫొటోగ్రాఫర్ సాల్ లైటర్ ఫొటోల పుస్తకం 'ఎర్లీ కలర్' తిరగేశాను. ఆఫీసులో ఒకాయన దగ్గర అడిగి తెచ్చుకున్నది, ఆయన గుర్తు చేసేదాకా తిరిగిచ్చే ఉద్దేశం లేదు.

అన్నీ న్యూయార్క్ వీధులే, ఎక్కువగా 1950ల నాటివి, రంగుల్లో. ఆ కాలపు న్యూయార్క్ అంటే నా బుర్రలో నలుపు తెలుపే, పైగా పెద్ద పెద్ద బిల్డింగులు, జనం, హడావిడి. ఈయన దగ్గర ఆ గోలేం లేదు. ఆవిరి పట్టిన అద్దం అవతల ఎవరో నిలబడి ఉంటారు, మొహం తెలియదు. మంచులో ఎర్ర గొడుగొకటి పోతుంటుంది.

1957 నాటి ఒక ఫొటో దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఫ్రేమ్ అంతా దాదాపు నల్లటి చెక్కలే, మధ్య సందులో సన్నటి పట్టీలా వీధి కనిపిస్తుంది, అంతే. ఇంకొకరైతే చెక్కలు అడ్డొచ్చాయని రెండడుగులు పక్కకు జరిగి తీసేవాళ్లు, ఈయన ఆ అడ్డాన్నే ఫొటో చేసేశాడు. అమ్మ పప్పుచారుకి పోపు పెట్టి వచ్చి, "ఏముందిరా ఇందులో, అంతా చీకటేగా" అంది. సందులో చూడమన్నాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "ఎవరింట్లోకో తొంగి చూస్తున్నట్టుంది" అని వెళ్లిపోయింది. పుస్తకం వెనక రాసిన పొగడ్తలన్నిటికన్నా ఈ మాటే నయమనిపించింది.

లైటర్ పిట్స్‌బర్గ్‌లో ఒక రబ్బీ (యూదు మతగురువు) కొడుకు. తనూ మతగురువే అవ్వాల్సింది, 1946లో ఆ చదువు మధ్యలో వదిలేసి, పెయింటర్ అవుదామని న్యూయార్క్ వచ్చేశాడు. ఈ పుస్తకం వచ్చింది 2006లో, అప్పటికి ఆయనకు 80 దాటాయి. అందుకని చాలామంది ఆయన్ని ఎవరికీ తెలియకుండా మరుగున పడిపోయిన మేధావిలా చెబుతారు, నాకది అంత నచ్చదు. 1953లోనే ఆయన నలుపు తెలుపు ఫొటోలు న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో పెట్టారు, తర్వాత అమెరికన్ పత్రిక హార్పర్స్ బజార్‌కి ఫ్యాషన్ ఫొటోలూ తీశాడు. మూలన పడింది రంగుల ఫొటోలు. అప్పట్లో కలర్ అంటే అడ్వర్టయిజ్‌మెంట్ల సరుకు, కళ అంటే నలుపు తెలుపే, పైగా కలర్ ప్రింట్లు వేయించడం ఖర్చు. దాంతో స్లైడ్లు ఏళ్ల తరబడి డబ్బాల్లోనే ఉండిపోయాయి.

సాయంత్రం నాకూ ఉత్సాహం వచ్చి, బాల్కనీకి కట్టిన పావురాల వలలోంచి వీధిని తీద్దామని ఫోన్ పట్టుకున్నాను. ఫోకస్ ఎంతకీ వల మీదకే పోతోంది, స్క్రీన్ మీద వేలితో నొక్కినా అంతే. చివరికి కాస్త కుదిరినదాంట్లో కూరగాయల బండి సగం, ఎవరిదో చెయ్యి పడ్డాయి. పర్లేదు, ఏదో ఉంది అనుకుని ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్క నుంచి రిప్లై: "ఆ మూల వల చిరిగినట్టుందిరా, మార్పించు."