మిల్ ల్యాక్స్‌లో వాల్‌ఐ పట్టడం: నా అనుభవం

వాల్‌ఐ ఉత్తర అమెరికా మంచినీటి చేప. దీనికి ఏ ఎర వాడాలని అందరూ అడుగుతారు. నేనైతే ముందు వెలుతురు చూస్తాను, తర్వాత లోతు, ఆ తర్వాతే ఎర. ఈ చేప కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. టార్చి వేస్తే మన పండుగప్ప కళ్లలాగే మెరుస్తుంది. మసక చీకట్లో అది తినే పెర్చ్ చేపకు సరిగా కనిపించదు, వాల్‌ఐకి కనిపిస్తుంది. దాని వేటంతా ఆ తేడా మీదే. మిట్టమధ్యాహ్నం, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు ఎంత మంచి ఎర వేసినా దండగ. పొద్దుగూకడానికి గంట ముందు నుంచి చీకటి పడేదాకా, లేదా మబ్బు పట్టి అడుగెత్తు అలలు లేచినప్పుడు వెళ్లాలి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మిల్ ల్యాక్స్ 1,32,000 ఎకరాల సరస్సు. అంత పెద్దదైనా అత్యధిక లోతు 42 అడుగులే. అందుకే గాలి లేస్తే అలలు త్వరగా పెద్దవవుతాయి, చిన్న పడవతో ఒడ్డుకు దూరం పోకూడదు. 2005లో ఇక్కడ జీబ్రా మస్సెల్స్ బయటపడ్డాయి, ఇవి నీటిని వడగట్టే చిన్న ఆల్చిప్పలు. నీళ్లు బాగా తేటగా ఉంటున్నాయి కాబట్టి సాయంత్రం వేళకు విలువ ఇంకా ఎక్కువ.

మే చివర నుంచి జూన్ దాకా నేను నమ్మేది జారుడు బెండు (దారం మీద జారే తేలుడు బెండు), ఎరగా జలగ. రాతి దిబ్బల మీద 6 నుంచి 12 అడుగుల నీళ్లలో వేస్తాను. ఏడడుగుల రాడ్, 8 పౌండ్ల నైలాన్ దారం చాలు. దారానికి ముందు ఆపుడు ముడి, దాని కింద పూస, తర్వాత బెండు, గాలానికి అడుగున్నర పైన చిన్న సీసపు గుండు, చివర 6వ నంబరు గాలం. పూస మరిచిపోతే ముడి బెండు రంధ్రంలోంచి జారిపోయి ఎర నేరుగా అడుగుకు పోతుంది. ముడి కొసలు మరీ కురచగా కోస్తే వదులవుతుంది, పొడుగ్గా ఉంచితే రాడ్ రింగుల్లో తగులుకుంటుంది. అర సెంటీమీటరు ఉంచండి. బెండు రంగు కొన మాత్రమే నీటిపైన కనిపించేంత సీసం ఉండాలి. సీసం తక్కువైతే బెండు తేలిపోతూ ఉంటుంది, చేపకు బరువు తెలిసి ఎర వదిలేస్తుంది.

లోతు కొలవడానికి గాలానికి బరువైన సీసం తగిలించి అడుగు తాకించండి. ఎర సరస్సు అడుగుకు ఒక అడుగు ఎత్తున వేలాడేలా ముడి జరపండి. వాల్‌ఐ పైకి చూసి తింటుంది, తన కింద ఉన్నదాన్ని చాలాసార్లు పట్టించుకోదు.

జలగను వెడల్పు కొసన, అతుక్కునే చోట ఒక్కసారే గుచ్చాలి. రెండుసార్లు గుచ్చితే ఈదదు. నీళ్లు 50 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లగా ఉంటే అది ఉండచుట్టుకుపోతుంది. అప్పుడు షైనర్ చేపపిల్లను పెదవుల గుండా గుచ్చడం మేలు. వేసవి ముదిరాక సగం వానపాము చాలు. దోమల మందు రాసుకున్న చేత్తో మాత్రం ఎర ముట్టుకోకండి. ఆ మందు ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

లోతైన మడ్ ఫ్లాట్స్ (నీటి అడుగున ఉండే బురద మెరకలు) అంచుల్లో బెండు పనికిరాదు. అక్కడ దారం మీద జారే సీసం కట్టాలి. లోతు ప్రతి పది అడుగులకు ఔన్సులో ఎనిమిదో వంతు చొప్పున లెక్క. సీసానికీ గాలానికీ మధ్య నాలుగైదు అడుగుల సన్న దారం, పడవ వేగం గంటకు ఒక మైలు లోపు.

ఎక్కువమంది చేప పోగొట్టుకునేది ఇక్కడే: టక్కుమనగానే గుంజేస్తారు. ఎర చేతికొస్తుంది, చేప రాదు. వేలి మీద పట్టుకున్న దారం వదిలేసి, అయిదారు అంకెలు లెక్కపెట్టి, మెల్లగా చుట్టి, బరువు తగిలాక రాడ్‌ను పక్కకు ఊడ్చినట్టు లాగాలి. బెండు మునిగినా అదే పద్ధతి. జలగ తోక మాత్రమే తెగి వస్తోందంటే అది చాలావరకు పెర్చ్ పనే, చోటు మార్చండి.

చేపను తల ముందుగా వలలోకి తీసుకోండి. పళ్లు వాడి, మొప్ప మూత అంచు వేలిని కోస్తుంది.

16 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి, మంచు లేని కాలంలో మనిషికి ఒకటే గాలపు దారం. ఈ సరస్సులో ఎన్ని చేపలు, ఏ సైజువి ఉంచుకోవచ్చో రాష్ట్ర నియమానికి వేరుగా ఉంటుంది, మారుతూనే ఉంటుంది. బయల్దేరే రోజు పొద్దున చూసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు పడవ అడుగు బిరడా తీసి నీళ్లు వంపేయాలి. మిగిలిన ఎర సరస్సులో కాదు, చెత్తడబ్బాలో వేయాలి. చేపపిల్లల్ని ఇంటికి తెచ్చుకోవాలంటే ఇంటి నుంచి తెచ్చిన కుళాయి నీళ్లలోకి మార్చాలి.

ఇంకో సంగతి. 30 అడుగుల కింద నుంచి పైకి లాగిన చేప గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా చాలాసార్లు బతకదు. నీళ్లు వేడెక్కితే పరిస్థితి మరీ అధ్వానం. అందుకే పట్టినదాన్ని వదిలేయాల్సిన నియమం ఉన్న రోజుల్లో, ముఖ్యంగా జులై ఎండల్లో, నేను లోతు నీళ్ల జోలికి పోను.