పాత టర్బో ఇంజిన్‌కి చెవి తగిలించాను

మూడో సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయిందని ఇంజిన్ విప్పితే, పిస్టన్ మీద రెండు రింగుల మధ్య గట్టు విరిగి ఉంది. అది నాకింగ్ పని. స్పార్క్ పుట్టించిన మంట అందేలోపే మూలన మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది, ఆ దెబ్బ పిస్టన్‌కి తగులుతుంది. టర్బో ఉంటే ఒత్తిడీ వేడీ ఎక్కువ కాబట్టి ఆ ముప్పూ ఎక్కువే. ఇంజిన్ అదురును బట్టి నాకింగ్‌ని పసిగట్టే నాక్ సెన్సర్‌ని అమెరికా కార్ల కంపెనీ బ్యూయిక్ 1978లోనే తన టర్బో వీ6కి పెట్టింది. నా కారుకి అలాంటిదేమీ లేదు. ఎగ్జాస్ట్ మోతలో నాకూ ఏమీ వినపడలేదు.

ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే విడిగా పెట్టుకున్న స్టాండలోన్ ఈసీయూ ఎలాగూ ఉంది, అందులో నాక్ ఇన్‌పుట్ ఖాళీగా ఉంది. పిస్టన్ మార్చి ఇంజిన్ కట్టాక, నడుమ బోల్టు పట్టే పీజో సెన్సర్ (అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఒకటి తెచ్చాను. రెండు, మూడు సిలిండర్ల మధ్య బ్లాక్ మీద ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టు రంధ్రం ఒకటి వాడకుండా ఉంది. మొదట స్ప్రింగ్ వాషర్ వేసి చేతి అంచనాతో బిగించాను, సిగ్నల్ పేలవంగా వచ్చింది. విప్పి, పెయింట్ గీకి, లోహానికి లోహం ఆనేలా వాషర్ లేకుండా టార్క్ రెంచ్‌తో 20 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సరిపోయింది. వైరు షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేశాను.

అసలు తలనొప్పి ఆ తర్వాతే. ఏ ఫ్రీక్వెన్సీ వినాలి? 1800ని π (3.14) తోనూ, బోర్ (సిలిండర్ వ్యాసం) మిల్లీమీటర్లతోనూ భాగిస్తే కిలోహెర్ట్జ్‌లో ఉజ్జాయింపుగా వస్తుంది. నా బోర్ 86, అంటే 6.7. అక్కడ వింటే వాల్వుల చప్పుడు, ఇంజెక్టర్ల చప్పుడు కలిసి సంతలా ఉంది. దానికి రెట్టింపు, 13.3 దగ్గర కాస్త నయం. పిస్టన్ పైకొచ్చాక క్రాంక్ తిరుగుడులో 10 నుంచి 60 డిగ్రీల మధ్య మాత్రమే వినమని ఈసీయూకి చెప్పాక ఇంకా నయం.

అయినా 3,800 ఆర్‌పీఎం దగ్గర ప్రతిసారీ లాగ్‌లో సెన్సర్ సిగ్నల్ గీత ఎగిరేది. కొత్త పిస్టన్ కూడా పోతోందేమోనని టెన్షన్. టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, 3 డిగ్రీలు వెనక్కి తీశాను. నిజమైన నాకింగ్ అయితే తగ్గి తీరాలి, ఇది వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. వెతగ్గా వెతగ్గా టర్బో హీట్ షీల్డ్ బోల్టు ఒకటి వదులుగా కనిపించింది. బిగించాక గీత పడుకుంది.

మరి నిజం నాకింగ్ ఎలా ఉంటుంది? అది తెలియందే హద్దు పెట్టలేను. రాగి గొట్టం చివర చదును చేసి బ్లాక్‌కి బిగించి, రబ్బరు పైపుతో చెవి మఫ్‌లకు కలిపాను. కారును ఒకచోటే నిలిపి ఇంజిన్‌ని పరీక్షించే డైనో మీద, తక్కువ బూస్ట్‌ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి)తో టైమింగ్ ఒక్కో డిగ్రీ పెంచుకుంటూ పోతే, ఒకచోట రేకు డబ్బాలో గులకరాళ్లు వేసినట్టు టకటకమంది. అదే క్షణంలో గీతా లేచింది. వెంటనే ఆపేశాను. మామూలు చప్పుడు ఒక్కో ఆర్‌పీఎంకి ఎంతో రాసుకుని, దానికి కొంచెం పైన హద్దు పెట్టాను. దాటితే ఈసీయూ 2 డిగ్రీలు వెనక్కి లాగి, మెల్లగా తిరిగిస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్లే కొట్టుకుంటాయి కాబట్టి అప్పుడు వినడం మాన్పించాను.

కొన్నాళ్లకు ఒక పొడవైన ఎత్తు ఎక్కుతుంటే టైమింగ్ వెనక్కి వెళ్లింది. సెన్సర్ ఒక్కటే అయినా, ఏ సిలిండర్ వంతులో విన్నదో లాగ్‌లో ఉంటుంది. చూస్తే మళ్లీ మూడోదే. ఇంజెక్టర్లు బెంచ్ మీద పెట్టించాను. మూడోది మిగతావాటికంటే తక్కువ పెట్రోలు పోస్తోంది, నాకింగ్‌కి మూలం అదే. ఇంజిన్ కట్టినప్పుడు పిస్టన్ అయితే మార్చాను కానీ, ఇంజెక్టర్లు కడిగించకుండా పాతవే పెట్టేశాను.