ఎయిర్ ఫిల్టర్ చూద్దామని మొదలుపెట్టి ఇన్‌టేక్ మొత్తం విప్పేశాను

మా కారు 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వానాకాలమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఓ మూల పడి ఉంది. బయటికి తీశాక సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వణకడం మొదలెట్టింది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పికప్ అందుకోవట్లేదు.

విజయవాడలో ఉంటూ ఇంట్లో బానెట్ ఎత్తుకుని కూర్చోవడమేంటని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. లారీ ఇంజిన్లు దించి ఎక్కించే ఆటోనగర్ పక్కనే ఉంది మరి. కానీ ఎయిర్ ఫిల్టర్ చూడ్డానికి కూడా అక్కడిదాకా పోవాలా అనిపించింది. మా బావమరిదిని పిలిచి చేతికి టార్చిచ్చాను.

ఫిల్టర్ బాక్సు మూత క్లిప్పులు లేపగానే సంగతి తెలిసిపోయింది: ఎలుకలు. లోపల వేరుశనక్కాయ తొక్కలు, బానెట్ కింద ఉండే దూదిలాంటి షీటు ముక్కలు. ఫిల్టరు ఓ మూల కొరికేసి ఉంది, వేలు దూరేంత కంత.

"కొత్త ఫిల్టరేసి మూసేద్దాం బావా" అన్నాడు వాడు. ఫిల్టరు ఉత్తినే మాసిపోయి ఉంటే నేనూ అదే చేసేవాణ్ని. 1200 సీసీ ఇంజిన్ రెండు చుట్లకోసారి తన నిండా గాలి పీలుస్తుంది. అంటే 3000 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే నిమిషానికి దాదాపు 1800 లీటర్లు. ఆ కంతలోంచి దుమ్ము అవతలికి పోయే ఉంటుంది. ఆ దుమ్ము సిలిండర్లోకి చేరితే పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. ఇవతల వైపు చూస్తే, ముందున్న గొట్టంలో ఇంకెంత చెత్త ఉందో! కొత్త ఫిల్టరు వేసిన మర్నాడే అదంతా వచ్చి దానిమీద పడుతుంది. కాబట్టి గాలి పీల్చే ముందు మూతి నుంచి, ఇంజిన్లోకి పోయే గాలిని రెక్కతో అదుపుచేసే త్రాటిల్ బాడీ దాకా, ఈ గాలి దారి (ఇన్‌టేక్) మొత్తం దించాల్సిందే.

ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉంది. తాళం తీసేసి, 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు తోశాను. ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాను. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు. ఇది మాత్రం అతిజాగ్రత్త అనుకోవద్దు. వానాకాలంలో ఎలుక జ్వరం (లెప్టోస్పిరోసిస్) భయం ఉంటుంది, అది ఎక్కువగా వ్యాపించేది ఎలుకల మూత్రం నుంచే. చెత్తను ఎండుగా దులపకుండా, గాలి కొట్టకుండా, ముందు ఫినాయిల్ నీళ్లతో తడిపి తీశాం.

రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ గొట్టం రెండు పుష్ క్లిప్పుల మీద ఉంటుంది. నడిమి బొడ్డును స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే క్లిప్పు దానంతటదే వదిలేస్తుంది. బలవంతంగా పీకితే విరుగుతుంది. తర్వాత బాక్సు మూతమీది టెంపరేచర్ సెన్సర్ కప్లర్: నాలుక నొక్కిపట్టి ప్లాస్టిక్‌ను లాగాలి, వైరును లాగకూడదు. త్రాటిల్ దగ్గర రబ్బరు హోస్‌కున్న క్లాంపు వదులు చేశాను.

అసలు పేచీ పెట్టింది ఇంజిన్ నెత్తిమీది ట్యాపెట్ కవర్ నుంచి ఆయిల్ ఆవిరిని తెచ్చే సన్న బ్రీదర్ పైపు. ఏళ్ల తరబడి వేడికి, ఆయిల్ ఆవిరికి రబ్బరు అతుక్కుపోయింది. తిన్నగా లాగితే చిరిగిపోయేదే. స్ప్రింగు క్లిప్పును ప్లయర్‌తో వెనక్కి జరిపి, పైపును అటూ ఇటూ తిప్పుతూ ఉంటే 'టప్' మని చిన్న చప్పుడు చేసి కదిలింది. ఆ తర్వాత సులువే. బాక్సు కింది బోల్టులు తీసి మొత్తం పైకెత్తేశాం. తెరుచుకున్న త్రాటిల్ నోటికి వెంటనే ఉతికిన గుడ్డ కట్టాను. ఒక్క బోల్టు అందులో పడిందంటే ఆటోనగర్ తప్పదు.

గూడు దొరికింది రెసొనేటర్లో. ఇంజిన్ పీల్చే గాలి చప్పుడు తగ్గించడానికి పక్కన కింద తగిలించే ఉత్త డబ్బా అది. పిడికిళ్లకొద్దీ దూది, కొబ్బరి చిప్ప ముక్క, ఎవరింట్లోదో పూజ వత్తుల ప్యాకెట్టు. ఎలుకలు మాత్రం ఎప్పుడో ఖాళీ చేసి పోయాయి.

ఫిల్టరుకు అవతలి హోస్ లోపల తెల్లగుడ్డతో తుడిస్తే సన్నటి ఎర్రమట్టి వచ్చింది. త్రాటిల్ అంచున వేలిచివరతో రుద్దితే అంటుకునే నల్లటి కార్బన్ పట్టీ. వణుకుకు నా లెక్కలో కారణం ఇదే. ఐడ్లింగులో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, గాలి త్రాటిల్ రెక్క చుట్టూ వెంట్రుకంత సందులోంచే పోవాలి. త్రాటిల్ క్లీనర్‌ను గుడ్డమీద కొట్టి తుడిచాను. నేరుగా చిమ్మితే పక్కనున్న మోటారులోకి దిగుతుంది. ఈ కార్లలో రెక్కను కదిలించేది కేబుల్ కాదు, మోటారు. ఆన్‌లో ఉండగా వేలితో తోయకూడదు.

బాక్సు, గొట్టాలు సబ్బునీళ్లతో కడిగి మేడమీద ఎండలో పెట్టాం. మూలల్లో తడి లేకుండా చూశాకే కిందికి తెచ్చాను. స్పేర్ పార్ట్స్ కొట్టుకు పాత ఫిల్టరు తీసుకెళ్తే ఆయన చూసి నవ్వి, అడక్కుండానే కొత్తది చేతిలో పెట్టాడు.

బిగించడం విప్పినంత కష్టం కాలేదు. హోస్‌మీది గుర్తును త్రాటిల్‌మీది బొడ్డుకు కలిపి, క్లాంపు రబ్బరు కదలనంత వరకే బిగించాను. స్టార్ట్ చేస్తే ఐడ్లింగు ఎక్కువగా, గుర్రుమంటూ పట్టుకుంది. బావమరిది కంగారుపడ్డాడు. కార్బన్ ఉన్నప్పటి లెక్క ప్రకారం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రెక్కను ఇంకా కాస్త ఎక్కువ తెరుస్తోంది. కొంతసేపు అలాగే ఉంచి, బందర్ రోడ్డుమీద ఓ చుట్టు తిప్పేసరికి దిగింది. వణుకు పోయింది, ఫ్లైఓవర్ కూడా మూడో గేర్లోనే ఎక్కింది.

ముందు గొట్టం మూతికి పావంగుళం కన్నాల స్టీలు జాలీ కట్టాను. ఆకులు అడ్డుపడతాయి కాబట్టి మధ్యమధ్యలో చూసుకోవాలి. మా బావమరిది బానెట్ కింద పొగాకు కాడలు కట్టమంటాడు. చాలామంది కడతారు కూడా. వేడి ఇంజిన్ పక్కన ఎండాకు నాకు నచ్చక వద్దన్నాను. కారును మాత్రం సెల్లార్లో చెత్తడబ్బాలకు దూరంగా, లిఫ్టు పక్కకు మార్చాను. ఆ చోటు కోసం అసోసియేషన్ సెక్రటరీతో పడ్డ వాదన ముందు ఇన్‌టేక్ విప్పడం ఏపాటిది!