వెండి కరిగిపోయిన నాణెం

నిన్న రోమ్‌లో ఒక మ్యూజియంలో పాత నాణేల ముందు చాలాసేపు నిలబడిపోయాను. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు దెనారియస్ అనే నాణెం దాదాపు స్వచ్ఛమైన వెండి. అదే క్రీ.శ. 270 నాటికి, వెండి నాణెం అని పిలిచేదాంట్లో వెండి 5 శాతం కూడా లేదు. రాగి మీద పల్చటి పూత, అంతే! సైనికుల జీతాలు పెరిగాయి, ఖజానా చాల్లేదు, ధరలు మండిపోయాయి. ఆ నాణెం పట్టుకుని సంతకు వెళ్లిన మనిషిని తలచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం ఆరేలియన్ చక్రవర్తి కట్టించిన నగర గోడ పక్కన నడిచాను. 271లో మొదలుపెట్టిన గోడ, చుట్టూ 19 కిలోమీటర్లు. అంతకుముందు వందల ఏళ్లు కొత్త గోడ అవసరమే రాని నగరం అది. రోమ్ పతనం అంటే 476 అని స్కూల్లో బట్టీ పట్టాం గానీ, రోమ్ భయం నాకు ఈ ఇటుకల్లోనే కనిపించింది. 410లో రోమ్‌ను దోచుకున్న విసిగోత్ తెగ రాజు అలారిక్ సైన్యానికి ఈ గోడలోని సలారియా ద్వారాన్ని లోపలివాళ్లే తెరిచారట. ఆ ద్వారం ఇప్పుడు లేదు. అది ఉండే చోట కాసేపు ఊరికే నిలబడ్డాను.