ముద్దపప్పులోకి స్వీడన్ కీరా

స్వీడన్‌లో తొమ్మిదో తరగతి వరకు పిల్లలకు మధ్యాహ్న భోజనం బడిలోనే, ఉచితంగా పెట్టాలని చట్టం. మాకు క్యారియర్ కట్టే పని లేదు. కానీ వారానికి ఐదు రోజులు నా కూతురి నాలుకకు రుచులు అలవాటు చేసేది నేను కాదు. ఆ బెంగ నాకు చాలాకాలం ఉండేది. అది తగ్గింది కీరదోసకాయ దగ్గరే.

ఇక్కడ మాంసం ఉండల పక్కన ‘ప్రెస్‌గుర్కా’ పెడతారు. కీరాను కాగితమంత పలుచగా చక్రాల్లా తరిగి, ఉప్పు చల్లి, పైన బరువు పెట్టి, ఊరిన నీళ్లు వంపేస్తారు. 12 శాతం ఘాటున్న వెనిగర్ ఒక వంతు, చక్కెర రెండు వంతులు, నీళ్లు మూడు వంతులు కలిపి దానిమీద పోస్తారు. చివర తెల్ల మిరియాల పొడి, పార్‌స్లీ ఆకు. ఈ ఒకటి-రెండు-మూడు లెక్క మా అమ్మాయికి ఎక్కాలకంటే ముందే వచ్చేసింది.

గుంటూరు నుంచి వీడియో కాల్‌లో చూసిన మా అత్తగారు “దోసకాయలో చక్కెరేమిటమ్మా!” అన్నారు. అంతలోనే ఆవిడే, “అయినా మనం పులుసులో బెల్లం వేసుకోమా? తిననీ” అని సర్దుకున్నారు.

అమ్మాయి స్నేహితురాలిది ఇరాన్ కుటుంబం. వాళ్లు పెరుగులో కీరా, ఎండు పుదీనా, అక్రోటు పలుకులు, కిస్‌మిస్ కలుపుతారు. అది తిని వచ్చి, “అమ్మా, వాళ్లూ పెరుగు పచ్చడి చేస్తారు, తాలింపు వేయరు అంతే” అంది. నాకు ఎంత సంతోషం కలిగిందో! ఎవరింట తిన్నా, పోల్చి చూసుకోవడానికి దానికి ఇంటి పచ్చడి ఉంది.

అయితే ఇక్కడ ప్లాస్టిక్ చుట్టి అమ్మే పొడుగు కీరా చేదుండడం నేను చూడలేదు. అందుకే దోసకాయ కోయగానే ముక్క నోట్లో వేసుకునే మన అలవాటు అమ్మాయికి వింతగా ఉండేది. పోయిన వేసవిలో గుంటూరులో పసుపు దోసకాయ కోస్తూ నాయనమ్మ ఒక ముక్క చేతిలో పెట్టారు. నమిలి, మొహం చిట్లించి ఉమ్మేసింది. ఆ కాయను పక్కన పెట్టి, ఇంకోటి కోయించుకుని, తనే రుచి చూసి “ఇది బాగుంది” అని తేల్చింది. ఆ కాయతో చేసిన ముక్కల పచ్చడిని కారానికి కళ్లు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకుంది. నేను ఏళ్లతరబడి చెప్పినా రానిది, ఒక్క చేదు ముక్కతో వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో అమ్మాయి సొంత పద్ధతి ఒకటి నడుస్తోంది. కీరాను ప్రెస్‌గుర్కాకు లాగే నొక్కి నీళ్లు వంపేస్తుంది. వెనిగర్‌కు బదులు నిమ్మరసం, తెల్ల మిరియాలకు బదులు సన్నగా తరిగిన పచ్చిమిర్చి, పార్‌స్లీ చోట కొత్తిమీర. చక్కెర మాత్రం మానదు, కాస్త తగ్గిస్తుంది. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నంలో నంజుకోవడానికి చాలా బాగుంటుంది. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే చాలు, మర్నాటిదాకా ఉంచితే మెత్తబడిపోతుంది.