ఎఫ్‌ఓసీ కూడా నాన్‌లీనియర్ కంట్రోలే

ఎంటెక్ చేసే పిల్లలు తరచూ అడిగే మాట: మోటార్లని నడిపే డ్రైవ్‌లన్నిట్లో పీఐ (ప్రొపోర్షనల్-ఇంటిగ్రల్) కంట్రోలర్లే ఉన్నప్పుడు ఈ స్లైడింగ్ మోడ్, బ్యాక్‌స్టెపింగ్ లాంటి నాన్‌లీనియర్ (ఇన్‌పుట్‌కి అవుట్‌పుట్ ఒకే నిష్పత్తిలో మారని వ్యవస్థల) కంట్రోల్ పద్ధతులన్నీ పేపర్లు రాసుకోవడానికి తప్ప దేనికి అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ ఆ డ్రైవ్‌లో ఉన్నది వట్టి పీఐ కాదు, దాని చుట్టూ ఎఫ్‌ఓసీ (ఫీల్డ్ ఓరియంటెడ్ కంట్రోల్) ఉంది.

ఇండక్షన్ మోటార్‌నే తీసుకోండి. టార్క్ (తిప్పే బలం) అంటే తిరిగే భాగమైన రోటార్‌లోని అయస్కాంత ఫ్లక్స్‌నీ కరెంటులో ఒక భాగాన్నీ గుణిస్తే వచ్చేది, ఆ ఫ్లక్స్‌ని నేరుగా కొలవలేం, పైగా స్పీడు పెరిగేకొద్దీ లెక్కకి వాడే రెండు అక్షాల్లో ఒక అక్షం వోల్టేజి ఇంకో అక్షంలోకి చొరబడుతుంది. 1970ల మొదట్లో సీమెన్స్‌లో ఉన్న ఫెలిక్స్ బ్లాష్కె ఎఫ్‌ఓసీతో దీన్ని దారికి తెచ్చాడు. ఫ్లక్స్‌తో పాటు తిరిగే అక్షాల మీద లెక్క వేస్తే ఏసీ మోటార్ కాస్తా డీసీ మోటార్‌లా మాట వింటుంది. ఫ్లక్స్ కోణాన్ని బట్టి అక్షాలు తిప్పడం, స్పీడునీ కరెంటునీ గుణించగా వచ్చే పదాలను ముందే లెక్కగట్టి కొట్టేయడం, ఈ రెండూ అచ్చమైన నాన్‌లీనియర్ ఫీడ్‌బ్యాక్. ఆ బరువంతా దించాకే పీఐ చేతికి పని వచ్చింది.

అసలు చిక్కు ఆ కోణంతోనే. ఫ్లక్స్‌ని కొలవకుండా కోణాన్ని లెక్కతో రాబట్టే ఇండైరెక్ట్ ఎఫ్‌ఓసీలో స్లిప్ (ఫ్లక్స్ కన్నా రోటార్ ఎంత వెనకబడి తిరుగుతోందన్నది) లెక్కకి రోటార్ రెసిస్టెన్స్ కావాలి. రాగి, అల్యూమినియం రెండూ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం రెసిస్టెన్స్ పెంచుకుంటాయి కాబట్టి రోటార్ 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 40 శాతం తేడా వచ్చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచిన మోటార్ వేడెక్కాక అదే లోడుకి ఎక్కువ కరెంటు లాగొచ్చు. 1993లో మరీనో, పెరెసాడా, వలీజీ రాసిన పేపర్ నాకు ఇష్టం కావడానికి కారణం ఇదే, రోటార్ రెసిస్టెన్స్‌నీ లోడ్ టార్క్‌నీ తెలియనివిగా పెట్టి, నడుస్తుండగానే అంచనా వేస్తూ స్పీడునీ ఫ్లక్స్‌నీ విడదీశారు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో నాన్‌లీనియారిటీ, డీసీని ఏసీగా మార్చి మోటార్‌కి ఇచ్చే ఇన్వర్టర్‌లో ఉంటుంది. డీసీ బస్ 300 వోల్టులు, స్విచింగ్ 10 కిలోహెర్ట్జ్, డెడ్ టైమ్ (జంట స్విచ్‌లు రెండూ ఒకేసారి ఆన్ కాకుండా రెండిటినీ ఆపి ఉంచే వ్యవధి) 2 మైక్రోసెకన్లు అనుకుంటే ఒక్కో లెగ్‌లో, అంటే ఒక్కో స్విచ్‌ల జంటలో, సగటున 6 వోల్టులు పోతాయి, అదీ కరెంటు ఎటు పారితే దానికి ఎదురుగా. పెద్ద స్పీడులో దాన్ని లెక్క చేయక్కర్లేదు. నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు, మోటార్‌కి పది పదిహేను వోల్టులే కావాల్సిన చోట, కరెంటుని ఆసిలోస్కోప్‌లో చూడండి: సైన్ వేవ్ సున్నా దాటే దగ్గర చదునుగా అతుక్కుపోయి ఉంటుంది. షాఫ్ట్ చేత్తో పట్టుకుంటే కుదుపు తెలుస్తుంది.

స్లైడింగ్ మోడ్ నాకు నచ్చేది ఇలాంటి చోటే. మనం ఉండాల్సిన గీతకి ఏ పక్క ఉన్నామో చూసి కంట్రోల్‌ని పూర్తిగా ఇటో అటో మార్చేయడమే ఆ పద్ధతి. ఇన్వర్టర్ ఎలాగూ స్విచ్చే కాబట్టి కంట్రోల్ కూడా స్విచ్‌లాగే ఉండనివ్వమన్నది మాస్కోలో ఉట్కిన్ వాళ్లు పెంచిన ఆలోచన, పారామీటర్లు కొంత తప్పినా అది చలించదు. కాకపోతే పుస్తకంలో స్విచింగ్ అనంత వేగంతో జరుగుతుంది, మన ప్రాసెసర్ మాత్రం 100 మైక్రోసెకన్లకోసారి చూస్తుంది. ఆ మధ్యలో గీత దాటి అటూ ఇటూ ఊగడమే చాటరింగ్, మోటార్ కీచుమంటుంది, కరెంటు వేవ్ దట్టంగా మసకబారుతుంది. ప్లస్సా మైనస్సా అని మాత్రమే చూసే సైన్ (sign) ఫంక్షన్ తీసేసి, గీత చుట్టూ సన్నని పొరలో మెల్లగా మారే శాచురేషన్ పెడితే శబ్దం తగ్గుతుంది గానీ ఆ పొర లోపల మిగిలేది హై గెయిన్ ప్రొపోర్షనల్ కంట్రోలే. లెవాంట్ తెచ్చిన సూపర్ ట్విస్టింగ్ అనే స్లైడింగ్ మోడ్ రకం ఆ తెగుదలని (ఒక్కసారిగా అటూ ఇటూ మారడాన్ని) ఇంటిగ్రల్ వెనక్కి నెట్టింది, నా దృష్టిలో మోటార్లకి మొదట ప్రయత్నించాల్సింది అదే.

ప్రాజెక్టు చేస్తున్నవాళ్లకి ఒక్కటే అడుగుతున్నాను. సిమ్యులింక్ (సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) మోడల్‌లో డెడ్ టైమ్, ఒక శాంపిల్ ఆలస్యం, వేడితో మారే రెసిస్టెన్స్ మూడూ పెట్టండి. డీకప్లింగ్ పదాలు (పైన చెప్పిన, ముందే లెక్కగట్టి కొట్టేసేవి) లేని, గెయిన్లు సరిగా పెట్టని పీఐని పక్కన నిలబెట్టి మా పద్ధతి గెలిచిందని గ్రాఫ్ వేయకండి, బాగా ట్యూన్ చేసిన ఎఫ్‌ఓసీతోనే పోల్చండి.